వదినగారి గ్రిల్లుకి పైపు గ్యాసు

పేటలో అందరూ ఆయన్ని పానా బాబాయి అంటారు. ముప్పై ఏళ్లుగా పొయ్యిలు బాగుచేస్తున్న మనిషి. ఆయనకున్న జబ్బు ఒక్కటే, విప్పిన వస్తువును పారెయ్యలేడు. అరిగిపోయిన మరనైనా తోమి, తుడిచి, డబ్బాలో దాచాల్సిందే. ఇంట్లో గిన్నెలకి లేని మెరుపు ఆ మరలకుందని భార్య దెప్పుతూనే ఉంటుంది.

వీధిలోకి పైపు గ్యాసు రాగానే, వదినగారి కాల్చిన కోడి దుకాణంలో సిలిండరు గ్రిల్లును దానికి మార్చే పని బాబాయి తనే నెత్తికెత్తుకున్నాడు. పొద్దున్నే ట్యూబు, రెగ్యులేటరు, గ్యాసు చిమ్మే ఇత్తడి జెట్లు నాలుగూ మార్చేశాడు. సబ్బునీళ్లు రాసి లీకు లేదని చూపించాడు. అంతా బాగానే ఉంది, వేడి తప్ప. అరగంట వెలిగించినా కోడిముక్కకి చెమట పట్టిందే కానీ రంగు మారలేదు.

సాయంత్రం ఆరింటికి ఒక ఆఫీసువాళ్లకి అరవైమంది భోజనం పంపాలి. రుచి నచ్చితే వారం వారం ఆవిడ దగ్గరే తీసుకుంటామన్నారు. సిలిండర్లేమో నిన్ననే తిరిగి ఇచ్చేసింది.

"ఏమయ్యా మరిదీ, ఇది కోళ్లని కాల్చడానికా, గుడ్లు పొదిగించడానికా?"

బాబాయి ముందు గ్యాసువాళ్లని తిట్టాడు. వాళ్ల మనిషి వచ్చి, ప్రెషరు కొలిచి, సరిగ్గా ఉందని చెప్పి వెళ్లాడు. తరవాత బర్నర్ల మీద పడ్డాడు. ప్రతి రంధ్రాన్నీ బ్రష్షుతో రుద్దాడు. మూడయింది. మంట మాత్రం దీపం వత్తిని దాటలేదు. ఇంకో మెకానిక్కుని పిలవనా అని వదిన మెల్లిగా అడిగింది.

"వద్దు వదినా. దీని సంగతి తేల్చకుండా నేను లేవను." ఉడుంపట్టు పట్టి మళ్లీ నేలమీద కూర్చున్నాడు.

పాత జెట్లు ఏం చేశావని ఆవిడ అడిగింది. బాబాయి చొక్కా జేబులోంచి డబ్బా తీసి చూపించాడు. లోపల నాలుగు జెట్లు, జిడ్డుగా, మసకమసగ్గా ఉన్నాయి.

"విప్పినవి తోమకుండా దాచావా? నువ్వేనా?"

బాబాయి డబ్బాలోకి తొంగి చూశాడు. పొద్దున విప్పినవాటిని అలవాటుకొద్దీ అక్కడే తోమి, కొత్తవాటి పక్కన పెట్టిన సంగతి గుర్తొచ్చింది. కొత్తవాటికేమో ఫ్యాక్టరీ నూనె జిడ్డు. మెరిసేవే కొత్తవనుకుని పాతవే తిరిగి బిగించాడు. గ్యాసు కట్టేసి ఒకటి విప్పి సూది దూర్చాడు. ఇరుక్కుంది. డబ్బాలోని జెట్టులో అదే సూది వదులుగా ఆడింది. పైపు గ్యాసుకి కావలసింది ఆ పెద్ద రంధ్రమే. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

బర్నర్లో మట్టి అడ్డం పడిందని చెబితే పోయేది. నోటిదాకా వచ్చింది కూడా. మింగేశాడు.

"తప్పు నాదే వదినా. గంట టైమివ్వు."

గంట పట్టలేదు. సబ్బునీళ్ల పరీక్ష మళ్లీ చేసి వెలిగిస్తే, నీలిమంట బర్నర్ల పొడవునా లేచింది. ఆరింటికి అరవై పొట్లాలూ వేడివేడిగా బయల్దేరాయి.

బాబాయి పాత జెట్లు జేబులో వేసుకోబోతే వదిన చెయ్యి చాపింది. గ్రిల్లు అడుగున పేరుకున్న మసి నాలుగింటికీ దట్టంగా పూసి తిరిగిచ్చింది.

"ఇప్పుడు దాచుకో. తోమావో, ఊరుకోను."

బాబాయి బుద్ధిగా తలూపాడు. రెండు రోజులు మాట నిలబెట్టుకున్నాడు కూడా.