కోడలు దిద్దించిన సున్న

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. ఎనుమాముల మార్కెట్లో పొద్దంతా మిర్చి తొడిమలు తీసి వచ్చిన చేత్తో బలపం పడితే వేళ్లు మండేవి. నేర్పింది నా కోడలు. నేను తిట్టేదాన్ని, ఆమె వినేది కాదు. "సున్న సకినం సుట్టినట్టు గుండ్రంగ రావాలె అత్తమ్మా" అని మళ్లీ దిద్దించేది.

మొన్న వానాకాలం ఆ కోడలికే డెంగీ వచ్చింది. కళ్ల వెనక నొప్పి, ఒళ్లంతా విరగ్గొట్టినట్టు, చేతుల మీద ఎర్రటి చుక్కలు. దవాఖానలో చేర్చాం. కొడుకు కాజీపేటలో డ్యూటీకి వెళ్లి వస్తుండేవాడు, దగ్గర ఉండేది నేనే. నర్సు నా చేతికి గళ్ల కాగితం ఇచ్చింది. రెండు గంటలకోసారి ఒక గడిలో తాగింది ఎంతో, పక్క గడిలో మూత్రం ఎంతో కొలిచి రాయాలి.

మొదటి రోజే ఒక గడి వదిలేశాను. నర్సు పట్టుకుంది.

"గిది ఖాళీగ ఎందుకున్నది పెద్దమ్మా?"

"రాలే బిడ్డా. రానిదాన్ని ఏమని రాయాలె?"

"సున్న వెట్టాలె. ఖాళీ ఉంటే నువ్వు మర్శినవనుకుంటం."

ఐదో రోజు పొద్దున జ్వరం దిగింది. కొడుకు ముఖం వెలిగింది. "జరం పోయిందే అమ్మా! రేపు ఇంటికి తోల్కపోదాం."

కోడలు మాత్రం కడుపు నొస్తోందని ముడుచుకుని పడుకుంది. మధ్యాహ్నానికి మూత్రం గడుల్లో మూడు సున్నలు వరసగా పడ్డాయి. నేను లేచాను.

"జరం దిగినంక గూడ నీకేం రందే?" అని కొడుకు కసిరాడు.

"నువ్వు నోర్మూసుకో" అని కాగితం తీసుకుని నర్సు దగ్గరికి నడిచాను.

ఆమె వచ్చి కోడలి చేయి పట్టుకుంది. చల్లగా ఉంది. బీపీ చూసి డాక్టరును పిలిచింది. సెలైన్ పెంచారు. "జరం దిగినంకనే అసలు భయం పెద్దమ్మా. జల్ది చెప్పినవ్, మంచిగైంది" అంది. ఆ నర్సు పిల్లకు దండం పెట్టాను. సున్న పెట్టమని చెప్పింది ఆమె, పెట్టడం నేర్పింది కోడలు. నాదేముంది!

సాయంత్రం మూత్రం కొలత గ్లాసులో నూట యాభై వచ్చింది. ఆత్రంగా గడిలో రాశాను. కోడలు మంచం మీంచే తొంగి చూసింది.

"సున్న వంకరవోయింది అత్తమ్మా."

వేరే రోజైతే తిట్టేదాన్ని. దాని మీదే గుండ్రంగా దిద్దాను.