నీళ్లు తాపొద్దన్న టీచరమ్మ

మా కింది ఫ్లాట్ టీచరమ్మ పోయారని మొన్న ఉదయం వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయారట. ఇకమీదట మా ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే నేను ఎవరి తలుపు తట్టాలి?

ఆవిడ వైద్య కళాశాలలో శరీరధర్మశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. పురసవాక్కంలోని మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఆవిడ కంటబడితే తప్పించుకోవడం కష్టం. మూత్రం ఏ రంగులో వస్తోందని అందరి ముందే అడిగేసేవారు. పెద్దవాళ్లు కనిపిస్తే వంగి, మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి, నీరు చేరి గుంట పడుతుందేమోనని చూసేవారు. మాకు నవ్వొచ్చేది.

"ఒళ్లంతా నీళ్లేనమ్మా. కణాల లోపల కొన్ని, బయట కొన్ని. ఉప్పు తగ్గిందంటే బయటి నీళ్లు లోపలికి దూరతాయి. అదే నాకు బయం" అనేవారు.

ఆ భయం ఏమిటో కిందటి మే నెల కత్తిరి ఎండల్లో తెలిసింది. నాన్నకు బీపీ. ఒంట్లో నీరు తీసే మాత్ర వేసుకుంటారు. బీపీ అని అమ్మ ఆయన అన్నంలో ఉప్పు మానేసింది. ఎండదెబ్బ తగలకూడదని నీళ్ల చెంబు పట్టుకుని వెంటపడేది. ఒకరోజు నాన్న తూలుతూ వచ్చి, "ఎవరమ్మా నువ్వు?" అని నన్నే అడిగారు. ఎండకే అలా అయిందని అమ్మ మళ్లీ నీళ్లు పట్టబోయింది. నేను కిందికి పరుగెత్తాను.

టీచరమ్మ చెప్పులైనా వేసుకోకుండా వచ్చారు.

"నీళ్లు తాపొద్దు! ఉప్పు పడిపోయినట్టుండాది. మెదడు ఉబ్బితే ఏం గావాల? బిన్నా ఆస్పత్రికి పోదాం, ఆలస్యం చేయొద్దు, రాండి!"

రక్తపరీక్షలో సోడియం బాగా పడిపోయిందని తేలింది. నాన్న ఈరోజు మాతో ఉన్నారంటే అది ఆవిడ కంగారు పెట్టిన భిక్షే. షోళింగనల్లూరు ఆఫీసు నుంచి హడావిడిగా వచ్చిన తమ్ముడు మండిపడ్డాడు.

"ఏంది ఆంటీ, సెలైన్ ఇంత మెల్లగా ఎక్కిస్తుండారు? తగ్గింది ఉప్పే గదా, ఒక్కసారే ఎక్కించేయొచ్చు గదా!"

"ఒద్దు నాయనా. గబగబా ఎక్కిస్తే మెదడు తట్టుకోలేదు. కొంచెం కొంచెంగానే రావాల. నువ్వు కూచో, కాఫీ తాగు."

గొంతులో వణుకన్నదే లేదు. మాకు మాత్రం ప్రాణాలు అరచేతిలో ఉన్నాయి. నాన్న మళ్లీ మమ్మల్ని గుర్తుపడతారో లేదో డాక్టర్లు కూడా ఖాయంగా చెప్పలేదు. పరీక్ష ఫలితం వచ్చిన ప్రతిసారీ ఆవిడ అంకె చూసి, "వస్తుండాది. అట్లే మెల్లగా రానీ" అనేవారు.

మర్నాడు మధ్యాహ్నం నాన్న కళ్లు తెరిచి గుమ్మం వైపు చూశారు.

"టీచరమ్మా, ఆడే నిలబడుండారే? లోపలికి రాండి" అన్నారు.

మేమంతా మంచం చుట్టూ చేరాం. ఆవిడ మాత్రం రాలేదు. ఏమైందోనని బయటికి వెళ్లి చూశాను. వరండాలో బెంచీ మీద కూలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడుస్తున్నారు.