బొక్క బొమ్మ తొలిచూపు

ఆ మధ్యాహ్నం సూర్యాపేట నుంచి మిర్యాలగూడ పోయే బస్సులో నా ఒళ్లో పసిపాప ఉంది. పక్క సీటాయన బర్రె బొక్కతో, అంటే ఎముకతో, చిన్న బొమ్మ చెక్కుతున్నాడు. పెద్ద తల, బయటికి సాచిన నాలుక, పొట్ట మీద చేతులు, ఒంటినిండా సుడులు. చూస్తేనే ఒళ్లు జలదరించింది.

"ఏం దేవుడు?" అన్నాను.

"టికి అంటరమ్మా. సముద్రంల దీవులోళ్ల దేవుడంట. బొమ్మల దుకాణం సేటు ఫోన్ల ఫోటో సూపెట్టి చెయ్యమన్నడు."

"కళ్లు తెరవలేదేం?"

"ఇంటికాడ అద్దం ముందు తెరుస్త. ఏ దేవుని తొలిచూపైనా మనిషి మీద పడొద్దు, పడితే కీడు. మా తాత అమ్మోరిని చెక్కినా గట్లనే చేసేటోడు."

పాపను గుండెకు అదుముకున్నాను. అయినా అది బొమ్మవైపే వంగుతోంది.

పెన్‌పహాడ్ దాటాక బస్సు గుంతలో పడింది. ఆయన చేతిలోని సన్న ఉలి జారి బొమ్మ కంటి చోట దిగింది; కన్ను తెరుచుకుంది. బొమ్మ మొహం పాప వైపే ఉంది. ఆయన చటుక్కున దాన్ని తన మొహానికి ఎదురుగా తిప్పుకున్నాడు.

"భయపడకమ్మా. నన్నే సూసింది" అన్నాడు. బొమ్మను మాత్రం గబగబా తువ్వాలలో చుట్టేశాడు.

తర్వాతి స్టేజీలో దిగిపోయాడు. రోడ్డు దాటేదాకా చూస్తూనే ఉన్నాను.

పాప ఇప్పుడు హైస్కూలుకు పోతోంది. ఆ స్టేజీలో బస్సు ఆగిన ప్రతిసారీ, ఆయన క్షేమంగా ఎక్కితే బాగుండునని తలుపు వైపే చూస్తాను.