మూడో కన్నానికి మా బావ చేసిన వైద్యం

మా అక్క మొగుడు ఇంటి సామాన్ల షాపులో పనిచేస్తాడు. మేకు దగ్గర్నుంచి స్నానాల తొట్టి దాకా అన్నీ ఒకే కప్పు కింద దొరికే పెద్ద షాపు. మొదట్లో ఆయన కర్టెన్ల సెక్షన్ చూసేవాడు. ఏ గోడకి ఏ రంగు నప్పుతుందో చెప్పడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఇది వెటకారం కాదు. మా కిటికీలకి ఆయన ఎంచిన కర్టెన్లే వేలాడుతున్నాయి. అవి ఇంతవరకూ ఎవరి ప్రాణం మీదకీ తేలేదు.

తర్వాత ఎలక్ట్రికల్ సెక్షన్ చూసే మనిషి మానేశాడు. మేనేజరు చుట్టూ చూస్తే తీరిగ్గా మా బావ కనిపించాడు. నీలం కోటు విప్పించి నారింజ రంగు కోటు తొడిగారు. దాని వీపు మీద "అడగండి, మా నిపుణులు చెబుతారు" అని అచ్చేసి ఉంది. అంతటితో చదువు పూర్తయింది. అన్యాయంగా మాట్లాడకూడదు, ఒక పూట శిక్షణ కూడా ఇచ్చారట. ఏ వైరు చుట్ట ఏ అరలో ఉంటుందో చూపించారు. కస్టమరు ఏమడిగినా "తెలియదు" అనొద్దని మరీ మరీ చెప్పారు.

ఈ రెండో పాఠం మా బావకి బాగా ఒంటబట్టింది. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని ఎవరైనా అంటే "లావు తీగ వెయ్యండి, ఇంక పోదు" అనేవాడు. ఎందుకు పోతోందన్న ప్రశ్న ఆయన సెక్షన్ కిందకి రాదు. జనం కూడా మురిసిపోయేవారు. అసలైన ఎలక్ట్రీషియన్ వస్తానన్న రోజు రాడు, వచ్చిన రోజు గోడ తవ్వాలంటాడు. మా బావ గోడ జోలికి పోడు, నవ్వుతూ మాట్లాడతాడు, పైగా సలహా ఉచితం. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా! కుటుంబంలో కర్టెన్ల బావ కాస్తా కరెంటు బావ అయ్యాడు. పెళ్లిళ్లలో కూడా జనం ఆయన్ని పక్కకి పిలిచి తమ ఇంటి స్విచ్చుల కష్టాలు చెప్పుకునేవారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈయన రచ్చ గెలిచి ఇంటి మీద పడ్డాడు. వాళ్లుండేది పాత ఫ్లాటు. వెనక బాల్కనీలో వాషింగ్ మెషీన్ ఉంది. తడిచేత్తో ముట్టుకుంటే జివ్వుమంటోందని అక్క చెప్పింది.

"ఎలక్ట్రీషియన్‌ని పిలిపించు బావా," అన్నాను.

"ఇంట్లో డాక్టర్ని పెట్టుకుని కాంపౌండర్ని పిలుస్తారటే మరదలు పిల్లా?" అని నవ్వి, స్క్రూడ్రైవర్ పట్టుకుని సాకెట్ విప్పాడు. దానికి మూడు కన్నాలున్నాయి. రెండింటి వెనకే తీగలున్నాయి. మూడోది ఎర్త్ కోసం, అంటే దారి తప్పిన కరెంటుని భూమిలోకి పంపే తీగ కోసం పెట్టినది, దాని వెనక ఏమీ లేదు. ఆ ఇల్లు కట్టినవాడు అక్కడ కన్నంతో సరిపెట్టాడు. బావ వేలెడు తీగ ముక్క తీసుకుని మూడో కన్నాన్ని పక్కనున్న నల్ల తీగకి కలిపేశాడు. "కరెంటు పని చేసి తిరిగెళ్లిపోయే దారి ఈ నల్ల తీగే. జివ్వుమనేదాన్ని కూడా ఇదే దారిలో పంపించేస్తే సరి!"

చెప్పొద్దూ, జివ్వు పోయింది. ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, షాపుకొచ్చిన ఒక కస్టమరు చెప్పాడన్నాడు. నిపుణుణ్ణి అడగడానికి వచ్చినవాడు నిపుణుడికి నేర్పి వెళ్లాడన్నమాట. ఆ రోజు నుంచి జివ్వుమంటోందని వచ్చిన ప్రతివాడికీ మా బావ ఈ వైద్యమే చెప్పాడు.

నాకు మాత్రం మనసొప్పలేదు. మా ఆఫీసులో కరెంటు పని చేసే ఆయన్ని అడిగాను. ఆయన మొహం మారిపోయింది. "ఆ నల్ల తీగ వెనకెక్కడో వదులైందనుకోండి. తిరిగెళ్లాల్సిన కరెంటంతా మెషీన్ ఒంటి మీదే కూర్చుంటుంది. అప్పుడు జివ్వుమనదమ్మా, పట్టుకుంటుంది. వెంటనే తీయించెయ్యండి."

ఆ మాట బావకి చెప్పాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. "బాగుచేశాక భయపెట్టేవాళ్లు చాలామంది ఉంటారు," అన్నాడు. అక్కని పక్కకి పిలిచి బతిమాలాను. "పోనీలేవే, పనిచేస్తోందిగా. మళ్లీ అంటే ఆయన చిన్నబుచ్చుకుంటారు," అంది. మొగుడు చిన్నబుచ్చుకోకూడదని ఆవిడ రోజూ తడిచేతులు ఆ మెషీన్ మీద పెట్టింది.

ఒక రోజు పొద్దున అక్కని చూద్దామని వెళ్లాను. బాల్కనీలో మెషీన్ తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది. దాని మీది చిన్న లైటు కూడా ఆరిపోయింది. "కరెంటు పోయినట్టుంది," అంటూ అక్క బకెట్లోంచి చేతులు తీసి మూత తెరవబోయింది. హాల్లో ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. నేను దాన్ని చూశాను, చూసి కూడా నల్ల తీగ వదులైందేమోనని అనుకోలేదు.

అక్క అరవలేదు. మెషీన్ మీదకి వంగి ఏదో వెతుకుతోందనుకున్నాను. పిలిస్తే పలకలేదు. దగ్గరికెళ్లి చూస్తే పళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. ముట్టుకోబోయి, ఏ దేవుడు ఆపాడో, ఆగాను. తలుపు పక్కనున్న మెయిన్ స్విచ్చు దగ్గరికి పరుగెత్తి కిందకి లాగేశాను. వెనక ధబ్బున పడిన చప్పుడైంది. వెనక్కి తిరిగి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. అంత భయం నాకు జన్మలో ఎప్పుడూ వెయ్యలేదు.

అంబులెన్సుకి చెప్పి, తర్వాత బావకి ఫోన్ చేశాను.

"ఒక్క నిమిషం ఆగవే, కస్టమరున్నాడు," అన్నాడు. ఆయన ఫోను చెవి దగ్గర్నుంచి తీసినా మాటలు నాకు వినపడుతూనే ఉన్నాయి. "ఏం లేదు సార్, వేలెడు ముక్క చాలు. మూడో దాన్ని నల్లదానికి కలిపెయ్యండి, సుఖంగా ఉంటుంది."

అక్క బతికింది. అరచేయి కాలింది. గుండె లయ తప్పిందని ఆసుపత్రిలో ఉంచుకున్నారు. బావ మంచం పక్కన నారింజ కోటుతోనే కూర్చున్నాడు. వీపు మీది అక్షరాలు నర్సు ఒకటికి రెండుసార్లు చదువుకుంది. నేను చాలా అందామనుకున్నాను గానీ, నేను నోరు తెరిచేలోపే అక్క కళ్లు తెరిచింది.

"ఏమండీ, షాపులో ఎంతమందికి చెప్పారు ఇది?"

బావ వేళ్లు మడుస్తూ లెక్క మొదలుపెట్టాడు. రెండు చేతులూ అయ్యేసరికి ఆపేశాడు. ఆ తర్వాత ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మా అందరి ముందూ తల ఎత్తలేదు.

షాపు వాళ్లు కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. చాలా గట్టి చర్య తీసుకున్నారు. మా బావని మళ్లీ కర్టెన్లకి పంపించి, నారింజ కోటు కాళ్లు తుడుచుకునే పట్టాలు అమ్మే ఆయనకి తొడిగారు. సామాను కొన్నవాళ్ల వివరాలు కంప్యూటర్లో ఉంటాయట. సలహా పట్టుకెళ్లినవాళ్ల వివరాలు ఎక్కడా ఉండవట. దాంతో బావ డ్యూటీ దిగాక షాపు గేటు దగ్గర నిలబడి, వచ్చేపోయేవాళ్ల మొహాలు చూడటం మొదలుపెట్టాడు. కొందరు పిచ్చివాడనుకున్నారు. నాకు మాత్రం ఆయన మీద మొదటిసారి జాలేసింది, కోపం మాత్రం అలాగే ఉంది.

నిన్న అక్కకి మందులు కొనుక్కుని నేనూ బావా వస్తుంటే, వీధిలో ఒకాయన నవ్వుతూ ఎదురొచ్చాడు.

"గుర్తుపట్టారా సార్? మీరు చెప్పినట్టే మా వాషింగ్ మెషీన్‌కి చేశాను. జివ్వు మాయమైపోయింది! మీ మాట మందులా పనిచేసింది."

బావ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఇంట్లో ఎవరున్నారిప్పుడు?"

"మా అమ్మ. ఏం సార్?"

"ఫోన్ చెయ్యండి. మెషీన్ ముట్టుకోవద్దని చెప్పండి. ముందు చెయ్యండి బాబూ, తర్వాత తిడుదురుగాని."

ఫోను చాలాసేపు మోగింది. చివరికి ఆవిడ ఎత్తి, "మెషీన్ మధ్యలో ఆగి చచ్చిందిరా, ఏమైందో చూద్దామని వెళ్తుంటే నీ ఫోను!" అని విసుక్కుంది. బావ ఫోను లాక్కుని, మెయిన్ ఎక్కడుందో అడిగి, ఆవిడ ఆపేదాకా వదల్లేదు. తర్వాత రోడ్డు పక్కనే కూలబడ్డాడు. జరిగింది నేనే చెప్పాల్సివచ్చింది. నేను చెబుతుంటే ఆ మనిషి మొహంలో రంగు పోయింది. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. ఏదో గుర్తొచ్చినట్టు బావ వైపు తిరిగాడు.

"సార్, ఆ రోజు నా వెనకాల ఇంకో ఇద్దరు నిలబడి విన్నారు కదా, వాళ్లకి చెప్పారా?"