కింది ఇంటి అగ్రిమెంటు

కుళ్ళాయప్ప గుంతకల్లు రైల్వే కేబిన్‌లో సిగ్నల్ లీవర్లు లాగి రిటైరైన మనిషి. స్టేషన్ మాస్టరు ఫోన్‌లో ఏం చెప్పినా ఆ మాట గట్టిగా తిరిగి చెప్పి, అవతల అవునంటేనే లీవరు మీద చెయ్యి వేసేవాడు. అంత జాగ్రత్త గల మనిషి ఒక కాగితం మీద చదవకుండా సంతకం పెట్టాడంటే నాకిప్పటికీ నమ్మబుద్ధి కాదు. కానీ పెట్టాడు. ఆయన కాపురానికి దిగిన బిల్డింగులోనే నేను రెండో అంతస్తులో ఉండేవాణ్ణి కాబట్టి అంతా కళ్ళారా చూశాను.

2001లో ఆ ముసలి దంపతులు అనంతపురం వచ్చారు. భార్య ఆంజినమ్మకు మోకాళ్ళు అరిగిపోయాయి. ఒక్క మెట్టు ఎక్కాలన్నా గోడ పట్టుకుని ‘అమ్మా’ అనేది. బిల్డింగుకు లిఫ్టు లేదు. అందుకే కుళ్ళాయప్ప కింది ఇల్లే కావాలని పట్టుబట్టాడు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బంతా ఓనరు విష్ణువర్ధన్ చేతిలో పోసి మూడేళ్ళకు లీజు మాట్లాడుకున్నాడు. నెల బాడుగ ఉండదు, గడువు తీరాక ఇచ్చిందంతా తిరిగొస్తుంది. మా దగ్గర లీజంటే అదే.

సంతకాల రోజు విష్ణువర్ధన్ చాపిన స్టాంపు పేపరు చూడగానే ఆయన ముఖం విప్పారింది.

“మూడు సింహాల ముద్ర ఉండాది. గవర్నమెంటు చూసి ఇచ్చిన కాగితంలో మనం చూసేదేముండాది సార్?”

స్టాంపు పేపరంటే సర్కారు చదివి సరేనన్న కాగితమని ఆయన నమ్మకం! ఉద్యోగమంతా అచ్చుకాగితాల వెనక ఎవరో ఒక ఆఫీసరు ఉండేవాడు మరి. ముద్ర అమ్మేవాడొకడు, దాని కింద తనకిష్టమైంది రాయించుకునేవాడొకడు అని ఆయనకెవరు చెప్పారు?

రెండో ప్రతి ఆంజినమ్మ ఒళ్ళో ఉంది. ఐదో తరగతి చదువు, వేలు పెట్టి కూడబలుక్కుంటోంది. “ఏమయ్యా, ఈడొక మాట...” అంది.

“గమ్మునుండే. సార్ ఎదురుగా ఏందది?” అంటూ కుళ్ళాయప్ప సంతకం గీకేశాడు.

మరుసటి ఎండాకాలం విష్ణువర్ధన్ వచ్చాడు. “పెద్దాయనా, కింద ఫైనాన్సు ఆఫీసు వస్తాండాది. మీరు మూడో అంతస్తుకు పోవల్ల.”

“ఏమప్పా, తమాషా చేస్తాండావా? మా ఆడామె కాళ్ళు చూసే కదా ఇల్లిస్తివి!”

“కాగితంలో ఉండాది, చూసుకో.”

నేనే చదివి వినిపించాను. యజమాని అవసరం కొద్దీ కోరినపుడు బాడుగదారు అదే భవనంలో వేరొక పోర్షన్‌కు మారుటకు అభ్యంతరం చెప్పరాదు. మధ్యలో ఖాళీ చేసినచో గడువు తీరేవరకు పైకము అడగరాదు. కుళ్ళాయప్ప నా చేతిలోంచి కాగితం లాక్కుని ఆ సింహాల ముద్ర వైపే చూస్తూ నిలబడ్డాడు. లాయరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన అడిగింది ఒక్కటే. “సంతకం మీదేనా?”

ఆంజినమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి బిల్డింగువాళ్ళం నలుగురం మూడో అంతస్తుకు మోశాం. “నా పెండ్లిలో గూడా ఇంతమంది మోయలేదు నాయనా” అని ఆంజినమ్మ నవ్వబోయింది. రెండో మలుపులో కుర్చీ ఒరిగేసరికి కొంగు నోట్లో కుక్కుకుంది.

పైన కుర్చీ దించగానే కుళ్ళాయప్ప తల బాదుకున్నాడు. “ఇట్లా రాసింటాడని ఎవరికి తెలుసే!”

“నాకు తెలుసు” అంది ఆంజినమ్మ.

మేం నలుగురం మెట్ల దగ్గర్నుంచి వెనక్కి తిరిగాం.

“ఆ పొద్దే చదివినా. చెప్పబోతే గమ్మునుండమంటివి. పదిమందిలో నీ మాట తీసేసేది ఎట్లని గమ్మునుంటి.”

“ఇంటికొచ్చినాకన్నా చెప్పకపోతివా?”

“సంతకం అయిపాయె. చెప్పి నీకు నిద్ర లేకుండా చేసేదెందుకని.”

నాకు ఒళ్ళు మండిపోయింది. విష్ణువర్ధన్ మీదా, ఈయన మీదా, ఆమె ఓర్పు మీదా? చెప్పలేను. కుళ్ళాయప్ప మాత్రం నేల మీద కూలబడి ఆమె మోకాళ్ళనే చూస్తూ ఉండిపోయాడు. గడువు తీరేదాకా ఆమె కిందికి దిగలేదు. డాక్టరు దగ్గరికి కూడా ఆయనొక్కడే వెళ్ళి మందులు తెచ్చేవాడు.

2004లో డబ్బు తిరిగొచ్చాక బత్తలపల్లె దారిలో నేల మీది మిద్దె ఇల్లొకటి చూశారు. మెట్లే లేవు. ఆ కొత్త ఓనరు కాగితాలు పట్టుకుని మూడో అంతస్తుకు వచ్చి, పెన్ను చాపాడు. కుళ్ళాయప్ప పెన్ను తీసుకుని, కాగితాలు భార్య ఒళ్ళో పెట్టాడు.

“ఆమె చదవల్ల.”

ఓనరు గడియారం చూసుకున్నాడు. ఆంజినమ్మ వేలు పెట్టి ఒక్కో వాక్యం చదివింది. కేబిన్‌లో లాగే కుళ్ళాయప్ప ఒక్కో వాక్యం గట్టిగా తిరిగి చెప్పాడు. రెండో పేజీ మధ్యలో వేలు ఆగింది. ఆమె అలవాటుగా నోరు మూసుకుని ఆయన ముఖంలోకి చూసింది.

కుళ్ళాయప్ప పెన్నుకు మూత పెట్టేశాడు. “చెప్పు” అన్నాడు.