ఇంజనీర్ నర్సింగరావు సంఘం

భూపాలపల్లిలో నర్సింగరావు దుకాణంలో పప్పులు, నూనెలు హోల్‌సేల్‌గా దొరుకుతాయి. బోర్డు మీద మాత్రం ముందు పెద్ద అక్షరాల్లో ‘ఇంజనీర్ నర్సింగరావు’ అని ఉంటుంది. పప్పుల సంగతి ఎక్కడో కింద. ఆయన ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్ చదివి పట్టా తెచ్చుకున్న మనిషి. ఉద్యోగం కోసం ఒకటి రెండు ఇంటర్వ్యూలకు పోయి, వాళ్లు చదువులోంచే ప్రశ్నలడిగారని నొచ్చుకుని, వచ్చి తండ్రి గల్లా దగ్గర కూర్చున్నాడు.

అయినా చదివిన చదువు ఊరుకోనివ్వదు కదా. జిల్లా ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్ ఇంజనీర్ల సంఘం పెట్టాడు. అధ్యక్షుడు తానే. కార్యదర్శి శివప్రసాద్‌కు చిట్యాలలో ఎరువుల దుకాణం. కోశాధికారి టేకుమట్లలో కోళ్ల ఫారం నడుపుతాడు. మిగతావాళ్లు బడి పంతుళ్లు, బీమా ఏజెంట్లు.

“సంఘం పెట్టి ఏం జేస్తరు?” అని భార్య అనసూయ అడిగింది.

“ఇంజనీర్లందర్నీ ఒక్కతాటి మీదికి తెస్తం.”

“తెచ్చి?”

ఆ ప్రశ్న నర్సింగరావుకు మర్యాద లేనిదిగా తోచింది. లెటర్‌హెడ్లు అచ్చుకివ్వడానికి వెళ్లిపోయాడు.

సంఘంలో చదివిన పనే చేసి బతుకుతున్నది సుష్మిత ఒక్కతే. బొగ్గు గనిలో కింద ఉన్నవాళ్లకూ పైన ఉన్నవాళ్లకూ మాట కలిపే ఫోన్లు, వైర్‌లెస్ సెట్లు చూసుకునే ఉద్యోగం ఆమెది. మొదటి సమావేశంలోనే లేచి అంది: “అన్నా, పాలిటెక్నిక్ ఆడపిల్లలకు చేత్తోని పని నేర్పేటోళ్లు లేరు. ఆదివారం పూట మనం పోయి నేర్పుదామా?”

సభ గతుక్కుమంది. నేర్పాలంటే ముందు ఆ పని తమకు వచ్చి ఉండాలి కదా.

“మంచి మాట జెప్పినవమ్మా. వచ్చే మీటింగుల చూద్దాం,” అని నర్సింగరావు అసలు విషయానికి వచ్చాడు. రాష్ట్ర ఇంజనీర్ల సంఘం ప్రధాన కార్యదర్శి రాబోతున్నాడు. వేదిక మీద ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలి? అది తేలేసరికి పొద్దు గూకింది.

ప్రధాన కార్యదర్శి హైదరాబాదు నుంచి రానే వచ్చాడు. ఉపన్యాసం ఫైవ్-జీతో మొదలుపెట్టి, ఉపగ్రహాల మీదుగా జనగామ దాకా వచ్చి ఆగాడు. అక్కడ రోడ్డు పక్కనే ఆయన వెంచర్ ఉంది. “తూర్పు ముఖం ప్లాట్లు కొన్నే మిగిలినయి. మన ఇంజనీర్లు అడిగినంకనే బయటోళ్లకు,” అన్నాడు.

నర్సింగరావుకు చెవులు వేడెక్కాయి. ఇందుకేనా ఈయన్ని పిలిచింది అనుకున్నాడు. లేచి ఏదో అనబోయేంతలో భుజాల మీద శాలువా పడింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాలకూ ఆయన్ని జోనల్ అధ్యక్షుణ్ణి చేసినట్టు మైకులో వినిపించింది. దాంతో అనవలసిన మాట కాస్తా మరిచిపోయాడు.

కొత్త బోర్డు లేచింది. అందులో మహిళా విభాగం అధ్యక్షురాలిగా సుష్మితను అడగకుండానే ఆమె పేరు రాయించారు. ఆమె నేరుగా దుకాణానికి వచ్చింది.

“నా పేరు తీసెయ్యన్నా.”

“ఎందుకమ్మా? పెద్ద పోస్టు.”

“అడిగిన పనికి జవాబియ్యకుండ పోస్టిస్తే నేనేం జేసుకోవాలె?” అని డ్యూటీకి వెళ్లిపోయింది.

ఖాళీ అయిన చోట నర్సింగరావు భార్య పేరు రాయించాడు. అనసూయ చదివింది బీకాం. అయితేనేం, ఇంట్లో మనిషి పేచీ పెట్టదని ఆయన ధీమా.

అనసూయ పేచీ పెట్టలేదు. సుష్మితకు ఫోన్ చేసింది. “నీ ఫోన్ల సంగతి నాకు తెల్వది బిడ్డా. గా పాలిటెక్నిక్ ప్రిన్సిపాల్ ఇంటికి సరుకులు మన దుకాణం నుంచే పోతయ్. గది తెరిపిచ్చుడు నా పని, నేర్పుడు నీ పని.”

ఆ ఆదివారమే పాలిటెక్నిక్‌లో గది తెరుచుకుంది. అమ్మాయిలు బల్లల చుట్టూ మూగారు. రజని అనే పిల్ల తానే తీగలు అతికించిన రిసీవర్‌లో గరగరల మధ్య మనిషి మాట వినిపించేసరికి పక్కవాళ్లను గట్టిగా పట్టుకుంది. సుష్మిత నవ్వి, ఇంకో బల్ల దగ్గరికి నడిచింది.

నర్సింగరావు బ్యానరు, ఫొటోగ్రాఫరుతో దిగాడు. సరిగ్గా మధ్యలో నిలబడి, చేతిలో పనిముట్టు ఉంటే నిండుగా ఉంటుందని బల్ల మీద తీగలు అతికించే సోల్డరింగ్ ఐరన్ అందుకున్నాడు. పట్టుకున్నది కాలే కొసను.

మర్నాడు దుకాణానికి వచ్చినవాళ్లంతా ఆయన వేళ్లకున్న కట్టు చూసి ఏమైందని అడిగారు.

“టెక్నికల్ ట్రైనింగ్ ఇస్తుంటే కాలింది,” అని ఆయన ఒక్కరినీ వదలకుండా చెప్పాడు.