నేను కత్తిరించేసిన అప్పలసామి గారు

కోవిడ్ తగ్గి, రైళ్ళలో మాస్కులు తీసేయొచ్చని చెప్పిన ఏడాది అది. సింగపూర్‌లోని క్లెమెంటి పేటలో నలభై ఏళ్ళు దాటిన మూడు అపార్ట్‌మెంట్ బ్లాకులను ఖాళీ చేయించి, ఆ చోట కొత్తవి కట్టబోతున్నారు. జనం తలో దిక్కూ వెళ్ళిపోయేలోపే ఇంటింటి పాత ఫోటోలూ, వాటి వెనక కబుర్లూ పోగుచేసి, బ్లాకు కింద ఖాళీగా ఉండే వాయిడ్ డెక్‌లో ఒక ప్రదర్శన పెట్టాలని అక్కడి నివాసుల సంఘం వాళ్ళు అనుకున్నారు. ఫోటోల పని నాకు అప్పజెప్పారు.

పాత ఫోటోలు బాగుచేయడమే నా వృత్తి. పెళ్ళయి తెనాలి నుంచి సింగపూర్ వచ్చిన కొత్తలో ఒక స్టూడియోలో చేరి నేర్చుకున్నాను. చిరిగినవి, తడిసినవి, పురుగు కొట్టినవి, ముఖం మీద కాఫీ ఒలికినవి, ఏవి తెచ్చినా కొత్తవాటిలా చేసి ఇస్తాను. మచ్చ కనబడితే నా చెయ్యి ఊరుకోదు. చుట్టాలింటికి వెళ్ళినా గోడమీద పటం వంకరగా ఉంటే సర్దిగాని కూర్చోను. మా ఆయన దీన్ని జబ్బు అంటాడు. నేను పనితనం అనుకునేదాన్ని.

శని, ఆదివారాలు వాయిడ్ డెక్‌లో ఒక బల్ల, దానిమీద స్కానర్, పక్కన నేను. జనం ఆల్బమ్‌లు పట్టుకుని వరసలో కూర్చునేవారు. స్కానింగ్‌లో మొదట ప్రివ్యూ అని వస్తుంది, అంటే ఫోటో ఎలా పడుతుందో ముందుగా చూపించే బొమ్మ. అందులో ఎంతమేర కావాలో గీత గీస్తే అంతవరకే స్కాన్ అవుతుంది. పద్ధతి ప్రకారమైతే గీత గీయకుండా, ఫోటో మొత్తాన్ని అంచులతో సహా ఒకసారి తీసి పక్కన పెట్టాలి. దాన్ని మాస్టర్ ఫైల్ అంటారు. ఆ తరవాత ఎన్ని సొగసులు దిద్దినా దాని నకలు మీదే దిద్దాలి. ఈ సంగతి పదిమందికి పాఠంగా చెప్పినదాన్ని నేనే. కానీ వరస పొడుగు. చూసీ చూడనట్టు ఆ మెట్టు దాటేసి, ప్రివ్యూలోనే గీతలు గీసేసి కానిచ్చేశాను.

నారాయణమ్మ ఆంటీ రెండోవారం వచ్చింది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. వాళ్ళ తాతలు శ్రీకాకుళం నుంచి మలేషియా రబ్బరు తోటలకు వెళ్ళినవాళ్ళు. ఆమె అక్కడే పుట్టి, పెళ్ళయ్యాక భర్తతో ఇటు వచ్చేసింది. భర్త అప్పలసామి గారు జురాంగ్ షిప్‌యార్డులో వెల్డర్. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఆమె ఆంధ్రదేశం ఎన్నడూ చూడలేదు, కానీ ఆమె మాట వింటే నిన్ననే శ్రీకాకుళం బస్సు దిగినట్టుంటుంది, మధ్యలో కాస్త మలయ్ తగులుతుంది, అంతే.

“మా ఆయనకి ఆదివారం ఒస్తే కెమెరాయే. పిల్లల్ని, పక్కోళ్ళని, ఈ కింది కెడాయ్ అతన్ని, అందర్నీ తీసీవోరు” అని రెండు ఆల్బమ్‌లు బల్లమీద పెట్టింది. కెడాయ్ అంటే కొట్టు.

నలభై ఒక్క ఫోటోలు. ఆ పేట గురించి నా చేతికొచ్చినవాటిలో అవే మేలైనవి. ఏనుగు బొమ్మ మీద జారే పిల్లలు, పండగ బట్టల్లో మలయ్ కుటుంబం, ఐస్ అమ్మే సైకిలు, లిఫ్టు ముందు నిలబడ్డ పెళ్ళికూతురు. అన్నీ సాయంత్రం అయిదు దాటాక, ఎండ వాలుగా ఉన్నప్పుడు తీసినవి. ఒక్కటే లోపం. పాతకాలం నియమం ప్రకారం ఆయన సూర్యుణ్ణి వీపువైపు పెట్టుకుని తీసేవాడు కాబట్టి, దాదాపు ప్రతి ఫోటో అడుగునా ఆయన నీడ పడింది. తల, భుజాలు, కెమెరా పట్టుకున్న మోచేయి. తీసేవాడి నీడ బొమ్మలో పడటం మా విద్యలో మొదట దిద్దే తప్పు. నేను ప్రివ్యూలో గీత పైకి జరిపాను. నీడ జనం కాళ్ళదాకా వచ్చినచోట కాళ్ళతో సహా తీసేశాను. నలభై ఒకటీ శుభ్రం.

ఆల్బమ్‌లు బూజు పట్టి, పేజీలు జిగురు కారుతున్నాయి. తీసుకెళ్ళడానికి వచ్చిన ఆంటీ కూతురు లత ముక్కు మూసుకుంది. ఆంటీ బ్లాకు ఖాళీ చేసి, ఊరికి అవతలి కొసన టాంపినీస్‌లో ఉన్న లత ఇంటికి మారబోతోంది. “మా ఇంట్లో స్టోర్ రూమ్ అసలే చిన్నది. స్కాన్ ఆల్రెడీ అయిపోయింది కదా ఆంటీ, ఇవి పడేయొచ్చా?” అని అడిగింది. నా కంటే నాలుగేళ్ళు పెద్దది, అయినా నన్ను ఆంటీ అంటుంది.

“పడెయ్యండి. బూజు పక్క పుస్తకాలకు అంటుకుంటుంది” అన్నాను. ఎవరూ నా చేత బలవంతంగా చెప్పించలేదు. నేనే అన్నాను.

ప్రదర్శనకు రెండు వారాల ముందు మాకు కాప్షన్ చెక్ అని ఒక రోజుంటుంది. ఫోటో కింద రాసే పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడమని ఆ ఇళ్ళవాళ్ళనే పిలుస్తాం. నారాయణమ్మ ఆంటీ టాంపినీస్ నుంచి గంటసేపు రైల్లో కూర్చుని వచ్చింది. ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి, పిల్లల పేర్లు, వాళ్ళ తల్లుల పేర్లు, ఎవరిది ఏ అంతస్తో చెప్పింది. నేను రాసుకుంటున్నాను. చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికొచ్చింది. రెండోసారి ఫోటోల అడుగుభాగమే చూస్తూ నడిచింది.

“ఈటిల్లో ఆయన ఏరమ్మా?”

“ఎవరు ఆంటీ?”

“మా ఆయన.”

“ఫోటోలు తీసింది అంకులే కదా, దేంట్లోనూ లేరు” అన్నాను.

“ఉన్నారు. కిందన ఉండీవోరు, అన్నిట్లోనీ.”

నాకప్పుడు అర్థమైంది. నీడ తప్పు కాబట్టి తీసేశానని, మొత్తంగా స్కాన్ చేసి దాచలేదని, ఒక్క ముక్క దాచకుండా చెప్పాను. ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఇంట్లో దండేసిన పటం ఉంది. పాస్‌పోర్టు కోసం తీసింది. అందులో ఎవులో గుమస్తాలాగుంటారు. ఇక్కడ ముప్పై అయిదేళ్ళు బతికినారు కదా, ఈ కొట్టుకాడ, ఈ గడ్డిలోన. ఈ బ్లాకు కూడా పోతే, ఉన్నారనడానికి ఏటుంది? ఆ నీడే కదా. పొద్దున్నే ఓ పేజీ తిప్పి సూసీదాన్ని. కంప్యూటర్లోన అన్నీ ఉంటాయంటేనే పారీనిచ్చినాను.”

ఆల్బమ్‌లు చెత్తలోకి వెళ్ళి నెల దాటింది. నెగెటివ్‌లు ఎప్పుడో ఒకదానికొకటి అతుక్కుపోయాయట. నా కంప్యూటర్‌లో ఉన్నవి మోకాళ్ళ దగ్గర ఆగిపోయిన మనుషుల బొమ్మలు.

ఒక్క దారి మిగిలింది. అప్పలసామి గారికో అలవాటుందని ఆంటీయే చెప్పింది. బొమ్మలో ఎవరుంటే వాళ్ళకు ఒక కాపీ కడిగించి, స్వయంగా తలుపు తట్టి ఇచ్చి వచ్చేవాడట. నా దగ్గర పేర్ల జాబితా ఉంది, ఆంటీ చెప్పగా నేనే రాసుకున్నది. పని అయ్యాక ఫోన్లు చేయడం, వెళ్ళడం మొదలుపెట్టాను.

చాలామంది నంబర్లు మారిపోయాయి. దొరికినవాళ్ళలో కొందరి దగ్గర ఫోటోలే లేవు. నాలుగో అంతస్తులో ఉండే టాన్ అంకుల్ సంబరంగా పర్సు తీశాడు. తన పిల్లల బొమ్మ అందులో సరిపోయేలా చుట్టూ కత్తిరించి పెట్టుకున్నాడు. నీడ లేదు. “అనవసరమైన నేల ఎందుకని కట్ చేశా” అన్నాడు. ఆయన్ని ఏమనగలను? ఆయన చేసింది కత్తెరతో, నేను చేసింది మౌస్‌తో.

ప్రదర్శనకు ఇంక అయిదు రోజులుందనగా జురాంగ్ ఈస్ట్‌లో మక్‌చిక్ సల్మా దొరికింది. మక్‌చిక్ అంటే మలయ్‌లో ఆంటీ. ఒకప్పుడు నారాయణమ్మ ఆంటీకి ఎదురు తలుపు. టీవీ పైన పటం కట్టి ఉంది: పండగనాడు గడ్డిలో సల్మా, ఆమె ముగ్గురు పిల్లలు, ఇద్దరు పక్కింటివాళ్ళు. ఒక చివర, కొంగు భుజం మీదికి లాక్కుని, సగం బయటికి పోతున్నట్టు నిలబడ్డ పడుచు నారాయణమ్మ. అడుగున నీడ లేదు. చుట్టూ వెడల్పాటి తెల్ల అట్ట. నా ప్రాణం ఉసూరుమంది.

వచ్చిన సంగతి చెప్పాను. మక్‌చిక్ నవ్వుతూ ఇంగ్లీషులో అంది: “నీడా? అప్పల్ నీడ మా పిల్లలు తొక్కి ఆడుకునేవాళ్ళు.” పటం దించి నా చేతికిచ్చి, “విప్పి చూసుకో, నేను ఎప్పుడూ విప్పలేదు” అంది.

వెనక మేకులు తీసి అట్ట పైకెత్తాను. ఫోటో అడుగుభాగం కత్తిరించలేదు, వెనక్కి మడిచారు. మడతను గోటి వెడల్పు చొప్పున విప్పుతూ వచ్చాను. ఇన్నేళ్ళ నా పనిలో ఏ మడతనూ అంత నెమ్మదిగా విప్పలేదు. గీత దగ్గర రంగు రాలింది కానీ బొమ్మ చెదరలేదు. పచ్చటి గడ్డి మీద పొడుగ్గా ఒక మగమనిషి నీడ. కుడి మోచేయి కెమెరా దగ్గర. ఎడమ చెయ్యి గాల్లో.

అంచులతో, మడతతో, రాలిన రంగుతో సహా స్కాన్ చేశాను. ఆ మడత గీత మీద నా చెయ్యి ఎంత దురద పెట్టిందో చెప్పలేను. ముట్టుకోలేదు. ప్రదర్శనలో దాన్నొక్కదాన్నీ పెద్దదిగా, నేలకు దగ్గరగా పెట్టించాను. తీసినవారి పేరు రాసే చోట “అప్పలసామి, బొమ్మలో కింద” అని రాయించాను.

నారాయణమ్మ ఆంటీ లత చెయ్యి పట్టుకుని వచ్చింది. ఆ బొమ్మ ముందు కుర్చీ వేయించుకుంది. చాలాసేపు చూసింది. ఆ ఎత్తిన చెయ్యి నాకు అర్థం కాలేదు, అందరినీ నవ్వమంటున్నాడేమో అనుకున్నాను. అదే అడిగాను.

“నవ్వమని కాదు. నన్ను మజ్జిలోకి రమ్మంటన్నారు” అంది. “నానెప్పుడూ ఆ సివర నిలబడీదాన్ని, సిగ్గు. తీసిన పెతీసారీ అలాగే సెయ్యూపీవోరు. ఒక్కసారీ ఎల్లలేదమ్మా. ఎల్లుంటే ఏటి పోనాది?”

లత ఆ చెయ్యి వైపు చూసి ఏడ్చేసింది. నేనూ ఆపుకోలేకపోయాను. ఆంటీ ఏడవలేదు. కొంగు సర్దుకుని, బొమ్మ ఇంకా బాగా కనబడేలా కుర్చీని కాస్త ముందుకు జరపమంది.

నలభై ఒకటిలో ఒకటే తిరిగొచ్చింది. మిగతా నలభైలో ఆయన చెయ్యి ఎలా ఊపాడో ఇక ఎవరికీ తెలియదు. అది నేను చేసిన పని, దాన్ని దిద్దే విద్య నా దగ్గర లేదు. ఇప్పుడు ఎవరు ఫోటో తెచ్చినా స్కానర్ మూత ఎత్తకముందే దాన్ని వాళ్ళ ముందు పెట్టి, ఇందులో మీరు రోజూ చూసుకునేది ఏది అని అడుగుతాను. చాలామంది ముఖాలు వదిలేసి, నేను ఎన్నడూ చూడని చోట వేలు పెడతారు.